దేశం దాటిపోయే ముందు దోస్తులకు టైం ఉంచుకోండ్రి

బ్యాగులు వారం ముందే సర్ది తూకం చూస్కోండ్రి, ఆఖరి రెండ్రోజులు దోస్తులకే ఉంచుండ్రి. నేను అందర్నీ ఒక్కసారే హన్మకొండ చౌరస్తా కాడికి పిలిస్తే ఫొటోలు దిగుడే సరిపోయింది, మనసుల మాట ఒక్కలతోని గూడ మాట్లాడలే, అది ఇప్పటికీ బాధే. దగ్గరోళ్లను ఒక్కొక్కల్నే కలువుండ్రి, భద్రకాళి చెరువు కట్ట మీద గంటసేపు కూసున్నా చాలు. శంషాబాద్ దాకా వస్తమంటరు గానీ టికెట్ లేనోళ్లను లోపలికి పోనియ్యరు, బయట ఆగమాగంల సరిగ్గ చెప్పుకోలేం, అందుకే ఇంటికాన్నే తీరుబాటుగ చెప్పుకోండ్రి. సకినాలు స్టీలు డబ్బాల పోసి పెద్ద బ్యాగుల బట్టల నడుమ పెట్టుండ్రి, తొక్కు గూడ అండ్లనే. పవర్ బ్యాంక్ మాత్రం చేతి బ్యాగులనే ఉండాలె.