రోజుకొక చిన్న సంగతి: గమనించడం, సరిచూడడం, చెప్పడం

పొద్దున్నే కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో "మీకు తెలుసా" అంటూ వచ్చిపడే సంగతులు మధ్యాహ్నానికల్లా ఎవరికీ గుర్తుండవు. అవి ఆసక్తి లేనివి కావు. అయితే వాటిలో చాలావరకు ఎక్కడో దూరదేశాలకు చెందినవి, మనం చూసి తేల్చుకునే వీలు లేనివి. రోజుకొక కొత్త సంగతి తెలుసుకుని ఇంట్లోనో, ఆఫీసులోనో, అపార్టుమెంటు నోటీసు బోర్డు మీదనో నలుగురితో పంచుకోవాలనుకునేవారు ముందుగా ఒక నియమం పెట్టుకోవడం మంచిది. విన్నవారు తమ కళ్లతో చూడగలిగినదాన్నే, వీలైతే తమ చేత్తో పరీక్షించగలిగినదాన్నే ఎంచుకోవాలి.

హైదరాబాదులో అటువంటి సంగతులకు కరువు లేదు. రోజూ కంటబడుతున్నా ఎవరూ పట్టించుకోని అంకెలు, అక్షరాలు, గుర్తులు ఎక్కడున్నాయో చూడడమే మొదటి పని, దానికి వంటిల్లు చాలు. గ్యాస్ బండను ఎత్తేటప్పుడు పట్టుకునే గుండ్రటి పిడికీ బండకూ మధ్య నిలువుగా ఇనుప పట్టీలు ఉంటాయి. వాటిలో ఒకదాని లోపలివైపు ఒక ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన రెండంకెలు పెయింటుతో రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి వరకు, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్ వరకు, సీ అంటే జూలై నుంచి సెప్టెంబరు వరకు, డీ అంటే ఏడాదిలో చివరి మూడు నెలలు. అంకెలు సంవత్సరాన్ని తెలుపుతాయి. "సీ 28" అని ఉంటే ఆ బండను 2028 సెప్టెంబరులోగా మళ్లీ పరీక్షకు పంపాలని అర్థం. ఆ పట్టీల మీదే ఖాళీ బండ బరువు కూడా ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిపితే ఇంట్లో వాడే నిండు బండ తూగవలసిన బరువు వస్తుంది. బండ తెచ్చినతను గుమ్మం దగ్గర ఉండగానే ఈ రెండూ చూసుకోవచ్చు.

ఇల్లు దాటితే మెట్రో స్టేషన్ల నేల మీద పరిచిన పసుపు పలకలు కనిపిస్తాయి. అవి అలంకారం కోసం వేసినవి కావు. పొడవాటి గీతలున్న పలక ముందుకు నడవవచ్చని, గుండ్రటి బొడిపెలున్న పలక అక్కడ ఆగి జాగ్రత్తపడాలని చూపులేనివారికి కర్ర ద్వారా, పాదం ద్వారా తెలియజేస్తుంది. ఈ పలకలను జపానుకు చెందిన సెయీచీ మియాకే 1965లో రూపొందించగా, 1967లో ఒకాయామా నగరంలో తొలిసారి పరిచారు. అమీర్‌పేటలో రైలు మారే హడావిడిలో ఆ వరుస మీదే సూట్‌కేసు నిలబెట్టి ఫోను చూసుకునేవారికి ఈ సంగతి మొదట చెప్పాలనిపిస్తుంది. ఇక మెట్రో కాని మామూలు రైలు చివరి పెట్టె వెనుక ఉండే పెద్ద గుణకారం గుర్తు, బండి మధ్యలో తెగిపోకుండా పూర్తిగా వెళ్లిందని స్టేషన్ సిబ్బందికి తెలియడానికి వేసేది. చిరునామా చివర రాసే పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది; అందులో తొలి అంకె 5 అయితే ఆ ఉత్తరం తెలంగాణకో, ఆంధ్రప్రదేశ్‌కో, కర్ణాటకకో చేరవలసినదని అర్థం.

సంగతి దొరికిన వెంటనే చెప్పేయకూడదు. సరిచూడడమే ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టే భాగం. పైన చెప్పిన బండ మీది గుర్తునే తీసుకుంటే, అది గ్యాస్ గడువు తేదీ అని, ఆ తేదీ దాటితే బండ పేలిపోతుందని భయపెట్టే సందేశాలు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. గుర్తు నిజమే, అంకెలూ నిజమే; అర్థాన్ని మాత్రం మార్చేశారు. అది బండను పరీక్షించవలసిన తేదీ మాత్రమే. తేదీ దాటిన బండ వస్తే వెనక్కి ఇచ్చి వేరేది అడగడం సబబే గానీ, ఇంటిల్లిపాదీ వీధిలోకి పరిగెత్తవలసిన అవసరం లేదు. ఇటువంటి సగం నిజాలను పట్టుకోవాలంటే సందేశంలోని ప్రతి వాక్యాన్నీ విడివిడిగా ప్రశ్నించాలి: వస్తువు ఉన్నదా, దాని మీద ఆ రాత ఉన్నదా, ఆ రాతకు ఆ అర్థమే ఉన్నదా. మొదటి రెండింటికీ ఔననే సమాధానం రాగానే మూడోదాన్ని వదిలేయడం వల్లనే చాలామంది మోసపోతున్నారు.

పూర్తిగా అబద్ధమైనవి ఎదురైతే, దాన్ని ఖండించి ఊరుకోకుండా అదే విషయంలోని నిజాన్ని పక్కన పెట్టడం మంచి పద్ధతి. మన జాతీయగీతాన్ని యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదిగా ప్రకటించిందనే మాట ఏటా ఆగస్టులో తిరిగివస్తుంది. యునెస్కో అటువంటి ప్రకటన ఏదీ చేయలేదు. అయితే ఆ గీతానికి రవీంద్రనాథ్ ఠాగూరు 1919లో మన మదనపల్లెలో ఉండగా ఇంగ్లీషు అనువాదం చేశారన్నది నిజం, తెలుగువారికి అదే ఎక్కువ ఆసక్తికరం కూడా. గోలకొండ నుంచి చార్మినార్ వరకు సొరంగం, భాగమతి పేరు మీద నగరం వంటివి మరో రకం. భాగమతి విషయంలో చరిత్రకారులకే ఏకాభిప్రాయం లేదు. వీటిని చెప్పకూడదని కాదు, "అని చెప్పుకుంటారు" అనే మాట చేర్చి కథను కథగా చెప్పాలి. చార్మినార్ దగ్గర నిలబడి చెప్పుకోవడానికి రుజువున్న సంగతి కావాలంటే అక్కడే ఉంది: కట్టడం 1591 నాటిది, దాని నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో అమర్చినవి. ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఆ గడియారాల్లో వేళ చూసుకున్నట్టు పిల్లలకు చెబితే మూడు వందల ఏళ్ల తేడా వస్తుంది.

రాసుకోవడానికి పిల్లల నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు కుట్టుకున్నా సరిపోతుంది. సంగతి, అది కనిపించిన చోటు, దాన్ని ధ్రువపరచిన ఆధారం, తేదీ ఉంటే చాలు. ఆధారం గడి ఖాళీగా ఉన్నంతకాలం ఆ సంగతిని పుస్తకం దాటనివ్వకూడదు.

చేసి చూపగలిగిన సంగతి దొరికితే దాని కోసం తేదీ గుర్తుపెట్టుకుని మరీ ఎదురుచూడవచ్చు. హైదరాబాదులో ఏడాదికి రెండుసార్లు, మే 9 ప్రాంతంలోనూ ఆగస్టు 3 ప్రాంతంలోనూ, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ నిమిషంలో నిటారుగా నిలబెట్టిన వస్తువుకు పక్కకు నీడ పడదు. డాబా మీద చదునుగా ఉన్న చోట, నీళ్లు నింపి మూత పెట్టిన స్టీలు సీసాను నిలబెట్టి, పన్నెండు గంటల నుంచే చూస్తూ ఉండాలి. నీడ పొట్టిదవుతూ వచ్చి, మే నెలలో అయితే దాదాపు 12 గంటల 12 నిమిషాలకు, ఆగస్టులో అయితే 12 గంటల 22 నిమిషాల వేళకు సీసా అడుగులో కలిసిపోతుంది. కొద్ది నిమిషాల్లో రెండో వైపున మళ్లీ మొలుస్తుంది. చూసినవారు తప్పక అడిగే ప్రశ్న, సరిగ్గా పన్నెండింటికే ఎందుకు కాలేదని. మన దేశమంతటికీ గడియారం నడిచేది కాకినాడ సమీపం నుంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. హైదరాబాదు దానికి సుమారు నాలుగు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పదహారు నిమిషాలు వెనుకబడుతుంది. భూమి కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం, అక్షం వంగి ఉండడం వల్ల మిగతా నిమిషాలు నెలను బట్టి కలుస్తుంటాయి, తగ్గుతుంటాయి. కర్కటరేఖకు పైన ఉన్న ఢిల్లీలో ఈ దృశ్యం ఎన్నడూ కనిపించదు కాబట్టి అక్కడి బంధువులకు ఫొటో పంపి కాస్త ఊరించవచ్చు. మేలో అరికాళ్లు కాలకుండా చెప్పులు వేసుకోవాలి. ఆగస్టులో మబ్బు పట్టకపోతే అదృష్టమే.

చెప్పే వేళను ఎంచుకోవడం కూడా నేర్చుకోవలసినదే. కొన్ని సంగతులను వాటి తేదీ వచ్చేదాకా దాచిపెట్టాలి. దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనుగొన్నది 1897 ఆగస్టు 20న. వానాకాలపు దోమల మధ్య ఆ రోజున చెబితే వినేవారు ఎక్కువ. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో దాదాపు 150 మందిని కాపాడిన చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉందనీ, ఆ వరద తరువాతే మనం గండిపేట అని పిలిచే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయనీ సెప్టెంబరు చివర చెప్పుకోవచ్చు. రోజుకు ఒక్కటే చెప్పాలి, అదీ మూడు నాలుగు వాక్యాలకు మించకుండా. పెద్దవారి దగ్గర పరీక్ష పెట్టినట్టు "మీకు తెలుసా" అని మొదలుపెట్టడం కంటే, "అత్తయ్యా, ఈ బండ మీద అంకె ఒకసారి చూడండి" అని వస్తువునే ముందు పెట్టడం మర్యాదగానూ ఉంటుంది, ఫలితమూ ఇస్తుంది. పాతబస్తీలో పుట్టి పెరిగినవారైతే మీ ఒక్క సంగతికి బదులుగా నాలుగు చెబుతారు. వాటిని కూడా ఆధారం గడి ఖాళీగా ఉంచి రాసుకోవాలి.

ఏడాదికొకసారి పుస్తకాన్ని మొదటినుంచి తిరగేయాలి, ఎందుకంటే నిన్నటి సరైన సంగతి నేడు పాతబడవచ్చు. తెలంగాణ బండ్ల నంబరు టీఎస్‌తో మొదలవుతుందన్నది 2024 మార్చి వరకు సరైనదే. ఆ తరువాత రిజిస్టరయిన బండ్లకు టీజీ వచ్చింది. ఆహార పొట్లాల మీద మాంసాహారానికి గుండ్రటి గోధుమరంగు చుక్క ఉండేది, ఇప్పుడు గోధుమరంగు త్రికోణం ఉంటోంది. అటువంటి మార్పు తెలిసినప్పుడు పాత వాక్యాన్ని కొట్టివేయకుండా, దాని కిందే తేదీ వేసి కొత్తది రాయాలి. నోటీసు బోర్డు మీద అప్పటికే అంటించి ఉంటే సవరణను కూడా అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో అంటించాలి.