మెడ గడ్డలను గుర్తించడం – మూడో పాఠం: పసిపిల్లల్లో సిస్టిక్ హైగ్రోమా

మొదటి రెండు పాఠాల్లో మెడ మధ్యలో వచ్చే గడ్డలు, లింఫ్ గ్రంథుల వాపులు చూశాం. ఈసారి మెడ పక్కకి, స్టెర్నోమాస్టాయిడ్ కండరం వెనక ఉండే పోస్టీరియర్ ట్రయాంగిల్‌కి వద్దాం. పసిబిడ్డకి అక్కడ మెత్తగా, నొప్పి లేని గడ్డ కనిపిస్తే ముందు తలుచుకోవాల్సింది సిస్టిక్ హైగ్రోమానే.

పాత పుస్తకాలు దీన్ని ట్యూమర్ల జాబితాలో వేశాయి గానీ, కణాలు అదుపు తప్పి పెరిగే జబ్బు కాదిది. గర్భంలో లింఫ్ నాళాలు (కణాల మధ్య ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని గొట్టాలు) ఏర్పడేటప్పుడు కొన్ని సంచులు మిగతా నాళాలతో కలవకుండా విడిగా మిగిలిపోతాయి. వాటిలో ద్రవం చేరి ఉబ్బుతాయి. అందుకే ఇప్పుడు స్కాన్ రిపోర్టుల్లో ‘మాక్రోసిస్టిక్ లింఫాటిక్ మాల్ఫార్మేషన్’, అంటే పెద్ద సంచులున్న లింఫ్ నాళాల పుట్టుక లోపం, అని రాస్తున్నారు. రెండూ ఒకటే, కంగారు పడొద్దు. సంచులు మరీ చిన్నవైతే మైక్రోసిస్టిక్ అంటారు. వైద్యం దగ్గర ఈ తేడా చాలా ముఖ్యం.

దాదాపు 75 శాతం మెడలోనే వస్తాయి, 20 శాతం దాకా చంకలో. మిగిలినవి ఛాతీ, పొట్ట, గజ్జల్లో. సగం పుట్టగానే కనిపిస్తాయి. రెండేళ్లు నిండేలోపు 80 నుంచి 90 శాతం బయటపడతాయి. అంటే వయసే మీకు సగం జవాబు చెప్పేస్తుంది.

బిడ్డ మీద చెయ్యి వేసే ముందు తల్లితో మాట్లాడండి. “ఎప్పటినుంచి ఉందమ్మా? జలుబు చేసినప్పుడు పెద్దదవుతుందా? పాలు తాగేటప్పుడు ఆయాసపడుతున్నాడా? నిద్రలో గురక వస్తుందా?” ఈ నాలుగూ చాలు. జలుబు, దగ్గు వచ్చినప్పుడల్లా ఉబ్బి మళ్లీ తగ్గడం ఈ గడ్డకి మామూలే. చివరి రెండు ప్రశ్నలు మాత్రం రోగనిర్ధారణ కోసం కాదు, ఊపిరి దారి ఎలా ఉందో తెలుసుకోవడానికి. ఫోన్లో పాత ఫోటోలు ఉన్నాయేమో అడగండి. ‘నిన్ననే వచ్చింది’ అని చెప్పిన గడ్డ బారసాల ఫోటోలోనే కనిపిస్తూ ఉండొచ్చు.

ఇప్పుడు చేత్తో పరీక్ష. ఎడమ చేతి రెండు వేళ్లు గడ్డకి రెండు పక్కలా ఆనించి, కుడి చూపుడు వేలితో మధ్యలో నొక్కండి. రెండు వేళ్లూ పైకి లేస్తే ఫ్లక్చుయేషన్, అంటే ద్రవం కదలిక, ఉన్నట్టు. ఒక దిశలో చూసి ఆపేయకండి. కండరం కూడా అడ్డంగా నొక్కితే అలాగే కదులుతుంది. నిలువునా, అడ్డంగా రెండు దిశల్లోనూ వస్తేనే లోపల ద్రవం ఉందని లెక్క. తర్వాత మెల్లగా నొక్కి పట్టండి. హైగ్రోమాలో ద్రవం పక్క అరల్లోకి జరుగుతుంది గానీ గడ్డ పూర్తిగా మాయమవదు. మొత్తం ఖాళీ అయి, వదలగానే మెల్లగా నిండితే సిరల మాల్ఫార్మేషన్‌ని అనుమానించండి.

ఇక టార్చి. దీన్ని సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. గదిలో వెలుతురు లేకుండా చూసుకోండి. వాడేసిన ఎక్స్‌రే ఫిల్మ్‌ని గొట్టంలా చుట్టి గడ్డకి ఒక పక్క ఆనించండి, అందులోంచి చూస్తూ అవతలి పక్క పెన్ టార్చి పెట్టండి. హైగ్రోమా అయితే గడ్డ మొత్తం ఎర్రగా మెరుస్తుంది. నెలల పిల్లల్లో చర్మం, కొవ్వు కూడా కొంత వెలుతురు దాటనిస్తాయి కాబట్టి రెండో వైపు మెడ మీద కూడా పెట్టి పోల్చుకోండి. వెలుతురు దాటకపోతే హైగ్రోమా కాదని వెంటనే కొట్టేయకండి. లోపల రక్తం కారినా, చీము పట్టినా, అరలు మరీ చిన్నవైనా దాటదు.

మన దగ్గర దీనితో తికమకపడేది టీబీ కోల్డ్ ఆబ్సెస్, అంటే టీబీ వల్ల వేడి, ఎరుపు లేకుండా చేరే చీముగడ్డ. అదీ ఇదే చోట, నొప్పి లేకుండా, మెత్తగా వస్తుంది. కానీ దానిలో వెలుతురు దాటదు, చుట్టూ ఒకదానికొకటి అతుక్కున్న గ్రంథులు తగులుతాయి, ఇంట్లో ఎవరో ఒకరికి దగ్గు చరిత్ర ఉండొచ్చు. ఆ ప్రశ్న మరిచిపోకండి.

నోరు తెరిపించి నాలుక, నాలుక కింద భాగం చూడండి. చంక తడమండి. ఆ తర్వాతే అల్ట్రాసౌండ్‌కి పంపండి. పలచని గోడలు, లోపల అడ్డుతెరలు, నల్లగా కనిపించే ద్రవం, డాప్లర్‌లో (రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్ పద్ధతి) ఆ ద్రవంలో రక్తప్రవాహం లేకపోవడం చూస్తే దాదాపు ఖాయం. గడ్డ ఛాతీలోకో గొంతులోకో దిగిందన్న అనుమానం ఉంటే ఎంఆర్ఐ కావాలి. చిన్నపిల్లలకి సాధారణంగా మత్తు ఇవ్వాల్సి వస్తుంది కాబట్టి ఊరికే రాసేయకూడదు. ఎంఆర్ఐలో హయాయిడ్ ఎముకని (గడ్డం కింద, మెడ ముందు భాగంలో ఉండే చిన్న ఎముక) గుర్తు పెట్టుకోండి. 1995లో వైద్యురాలు డి సెర్రెస్, ఆమె సహచరులు ఈ గడ్డలకి చేసిన వర్గీకరణ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఒకవైపు, ఎముకకి కింద మాత్రమే ఉంటే మొదటి దశ. రెండు వైపులా, పైనా కిందా ఉంటే ఐదోది. ఎముకకి పైన ఉన్నవి ఎక్కువగా చిన్న అరలతో కండరాల్లోకి అల్లుకుపోతాయి, లొంగడం కష్టం.

సూది గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పసిబిడ్డలో ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ‘ఒకసారి గుచ్చి చూద్దాం’ అనుకోవద్దు. గడ్డినీళ్ల రంగు ద్రవం, అందులో లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) వస్తాయి. మీకు ముందే తెలిసిన సంగతే అది. బదులుగా ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం తెచ్చిపెట్టొచ్చు, ద్రవం ఎలాగూ మళ్లీ చేరుతుంది. గడ్డని కుదించడానికి బ్లియోమైసిన్ లాంటి మందు ఎక్కించేటప్పుడు స్కాన్ చూస్తూ ఎలాగూ గుచ్చుతారు, అప్పుడు చాలు.

ఇదే గడ్డ నలభై దాటిన మనిషిలో కనిపిస్తే మాత్రం పైన చెప్పిన ధీమా మొత్తం పక్కన పెట్టాలి. ఆ వయసులో మెడలో నీటితిత్తి అంటే టాన్సిల్, నాలుక మూలం, థైరాయిడ్ క్యాన్సర్ గ్రంథికి పాకి ద్రవంగా మారిందేమో ముందు తేల్చుకోవాలి. అక్కడ సూది పరీక్ష తప్పనిసరి.

అభ్యాసం: పద్నాలుగు నెలల పాప. మెడ ఎడమ పక్క నిమ్మకాయంత గడ్డ పుట్టినప్పటినుంచీ ఉంది. నిన్న మంచం మీంచి పడింది. ఈ పొద్దున్నకి గడ్డ రెట్టింపై, నీలంగా, బిగుతుగా ఉంది. జ్వరం లేదు. టార్చి వెలుతురు దాటట్లేదు. ఊపిరి తీసుకుంటుంటే సన్నగా కూత వినిపిస్తోంది. ముందు ఏం చూస్తారు, ఎవరిని పిలుస్తారు, ఏ స్కాన్ ఎప్పుడు చేయిస్తారు? వరసగా కాగితం మీద రాసుకోండి. వచ్చే పాఠం బ్రాంకియల్ సిస్ట్ గురించి. అది మొదలుపెట్టే ముందు ఈ పాప కేసు విప్పుదాం.