స్లష్ మిషనులో మందు పోసే ముందు

ఏప్రిల్ వచ్చిందంటే చిత్తూరులో స్లష్ మిషన్లు (రసాన్ని తిప్పుతూ మెత్తటి ఐసులా గడ్డకట్టించేవి) అద్దెకిచ్చే మాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, శనివారం తోపులో ఫంక్షను, రెండు ట్యాంకుల మిషను కావాల" అని. ఒకప్పుడు అడిగేది కోలా, ఆరెంజీ రుచులే. ఇప్పుడు చాలామంది వోడ్కా కలిపిన మామిడి స్లష్ అంటున్నారు. తోతాపురి పల్పు కావలసినంత దొరికే ఊరు మనది, రుచిగానే వస్తుంది. నేను వద్దనను. కానీ మిషను ఇచ్చేటప్పుడు చెప్పే మాటలు సగం మంది వినకుండానే ఆటో ఎక్కించుకుని పోతారు. అందుకే రాసి పెడుతున్నాను.

రెండేళ్ల కిందట ఒక నిశ్చితార్థంలో ఒక ట్యాంకులో ఉత్త మామిడి, రెండో దాంట్లో వోడ్కా మామిడి పోసినారు. రెండూ ఒకే పసుపు. ఎండకు అలసిపోయి వచ్చిన ఒక అవ్వకు వడ్డించే పిల్లోడు రెండో ట్యాంకు నుంచి పట్టిచ్చినాడు. తియ్యగా, చల్లగా ఉంటే ఇంకో గ్లాసు అడిగి తాగింది. సాయంత్రానికి చెమటలు, మాట తడబాటు. వడదెబ్బ అనుకుని ఆసుపత్రికి తీసుకుపోయినారు. షుగర్ మాత్రలు వేసుకునే మనిషి. వాటి మీద మద్యం పడితే కొన్ని గంటల తర్వాత షుగరు బాగా పడిపోవచ్చు. ఆమె తాగింది మందని డాక్టరుకు చెప్పడానికి అక్కడ ఎవరికీ తెలియదు. ఆ రాత్రి ఆమె కోలుకుంది. రెండు ట్యాంకుల్లో ఒకే రంగు పోస్తుంటే చూస్తూ ఊరుకున్నది నేనే. ఆ రోజు నుంచి ఒక మిషనులో ఒక ట్యాంకు మందుకు, ఒకటి పిల్లలకు అంటే నేను మిషను ఇవ్వను. మందుది వేరే మిషను, వేరే మూల, వేరే రంగు గ్లాసులు, దాని దగ్గర ఒక పెద్ద మనిషి. అది కుదరకపోతే మందు మానుకోండి.

అసలు చిక్కంతా చలువలోనే ఉంది. చల్లదనం, తీపి కలిస్తే మందు ఘాటు నాలుకకు తెలియదు. పైగా స్ట్రాతో తాగితే కింద చేరిన చక్కెర, మందు ముందు నోట్లోకి వస్తాయి, చివరికి గ్లాసులో తెల్లటి ఐసు మిగులుతుంది. "ఏం ఎక్కలేదే" అనుకుంటూ మూడో గ్లాసుకు పోతారు. కాబట్టి రుచి చూసి కలపొద్దు, కొలిచి కలపండి. లెక్క ఇది. మన దగ్గర వోడ్కా, రమ్ములో ఆల్కహాలు మామూలుగా 42.8 శాతం. 750 మి.లీ. బాటిల్‌లో 321 మి.లీ. అసలు ఆల్కహాలు ఉంటుంది. దానికి మూడుంపావు లీటర్ల రసం చేర్చి మొత్తం 4 లీటర్లు చేస్తే 8 శాతం అవుతుంది. అప్పుడు 250 మి.లీ. గ్లాసులో దాదాపు 47 మి.లీ. వోడ్కా ఉన్నట్టు. అంతకు మించొద్దు. అదే 4 లీటర్లలో రెండు బాటిళ్లు పడితే 16 శాతం. ఇక అది సరిగా గడ్డకట్టదు, జారుగానే ఉంటుంది. మిషను పని చేయలేదని నాకు ఫోన్ చేస్తారు, ఈలోపు ఆ ఘాటు ద్రవాన్నే వడ్డిస్తుంటారు.

చక్కెర కూడా అంతే ముఖ్యం. రసం 13 నుంచి 15 బ్రిక్స్ (నూరు గ్రాముల రసంలో ఎన్ని గ్రాముల చక్కెర ఉందో చెప్పే కొలత) మధ్య ఉండాలి. తక్కువైతే ట్యాంకులో రాయిలా గడ్డకట్టి తిరిగే మర విరుగుతుంది. డైట్ డ్రింకులతో జరిగేది ఇదే. తోతాపురి డబ్బా పల్పు సుమారు 14 బ్రిక్స్. లీటరు పల్పుకు లీటరు నీళ్లు పోస్తే సగానికి పడిపోతుంది, మళ్లీ 14కు రావాలంటే దాదాపు 160 గ్రాముల చక్కెర కావాలి. పల్పు ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడెవరైనా ఉంటే బ్రిక్స్ మీటరు అడగండి. మందు కలపకముందే చూడాలి, కలిపాక ఆ మీటరు తప్పు చూపిస్తుంది. పీచు వడకట్టండి, లేకపోతే కొళాయి మూసుకుపోతుంది. బీరు, సోడా పోయొద్దు, నురగ పొంగుతుంది.

మిషను ఆటోలో పడుకోబెట్టి తెచ్చారా? నిలబెట్టి కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయండి, కంప్రెసరు నూనె కిందికి దిగాలి. చుట్టూ జానెడు ఖాళీ, పైన నీడ ఉండాలి. మే ఎండలో రేకుల షెడ్డు కింద పెడితే గంటలో అయ్యేది మూడు గంటలైనా కాదు. రసం ముందు రోజు ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడండి, తడి నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగొద్దు. బాటిళ్లు వంట పొయ్యికి దూరంగా విప్పండి.

పొగ రావాలని లిక్విడ్ నైట్రోజన్ పోయమని అడిగేవాళ్లకు ఒక్క మాట. అది మైనస్ 196 డిగ్రీలు. 2017లో గురుగ్రామ్‌లో ఒకాయన పొగ ఆగకముందే తాగితే పొట్టకు రంధ్రం పడింది. మీ ఫంక్షనులో అది వద్దు.

పిల్లల స్లష్‌కు కూడా పేకెట్టు చదవండి. చక్కెర తగ్గించిన సిరప్పుల్లో రాయిలా గడ్డకట్టకుండా వేసే గ్లిజరిన్ ఉండొచ్చు. ఏడేళ్ల లోపు పిల్లలకు అలాంటి స్లష్ ఇవ్వొద్దని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2025లో చెప్పింది.

మందు లైసెన్సు షాపులోనే, సీలు చూసి కొనండి. 2025 అక్టోబరులో ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడింది కదా, అది మన పక్కనే. మామిడి తీపిలో కలిపితే నకిలీదీ అసలుదీ ఎవరికీ తెలియదు. ఫంక్షనులో వడ్డించడానికి ఎక్సైజ్ అనుమతి ముందే తీసుకోండి. 21 ఏళ్లు నిండనివాళ్లకు పోయొద్దు.

తాగినవాళ్ల తాళాలు మొదటి గ్లాసు దగ్గరే తీసుకోండి. చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే నేరం, మొదటిసారే పది వేల దాకా జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. భాకరాపేట ఘాట్ రోడ్డు గుండా పోవాల్సినవాళ్లకు పడకలు మీరే చూడండి.

రాత్రికి మిగిలింది పారబోయండి. గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు. ట్యాంకు, మర, కొళాయి, రబ్బరు రింగులు విడదీసి కడగండి, రింగు సందులోనే పల్పు పులుస్తుంది. తెల్లారి కొండకు పోయే కారు అయితే డిక్కీ, సీట్ల కింద చూసుకోండి. తిరుమల మీద మద్యం నిషేధం. అలిపిరి తనిఖీలో మిగిలిపోయిన బాటిల్ దొరికితే దర్శనానికి పోయే ఇల్లంతా అక్కడే ఆగిపోతుంది.