మర్సబిట్ జనాభా లెక్కలు చూసి బోల్తా పడకుండా ఉండాలంటే

కెన్యాలో ఇథియోపియా సరిహద్దుని ఆనుకుని ఉన్న మర్సబిట్ గురించి ఏ ప్రాజెక్టుకో, క్విజ్‌కో రాయాల్సొస్తే నెట్‌లో దొరికిన అంకెలు అలాగే దించేయకండి.

ముందు ఆ అంకె ఏ సరిహద్దులకి చెందిందో చూడండి. 1999 లెక్కల్లో మర్సబిట్ జిల్లా జనాభా 1,21,478, 2009లో మర్సబిట్ కౌంటీది (జిల్లా లాంటి ఇప్పటి విభాగం) 2,91,166. పదేళ్లలో రెండింతలు దాటిపోయిందని నేను ఒకసారి రాసేసి తర్వాత నాలుక కరుచుకున్నాను, ఎందుకంటే 1999లో మొయాలే వేరే జిల్లా, అక్కడి 53,479 మంది పాత అంకెలో లేనే లేరు. కలిపితే 1,74,957. అయినా పెరుగుదల ఎక్కువే, కానీ రెండింతలు కాదు. పాత వరంగల్ జిల్లా జనాభా పక్కన ఇప్పటి వరంగల్ జిల్లాది పెట్టి పోల్చితే ఎలా ఉంటుంది? ఇదీ అంతే.

తర్వాత జనసాంద్రత. 2019లో 4,59,785 మంది, విస్తీర్ణం దాదాపు 70,961 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో అరవై శాతం పైనే నేల, మనుషులు మాత్రం ఐదు లక్షలు కూడా లేరు. చదరపు కిలోమీటరుకి ఆరుగురు అని వస్తుంది, కానీ ఆ ఆరుగురు అన్నిచోట్లా సమానంగా ఉండరు కదా.

అందుకే మ్యాప్ తీసి నీళ్లెక్కడున్నాయో గుర్తు పెట్టండి. మర్సబిట్ కొండ మీద పొగమంచు, అడవి, పొలాలు, ఊరు. కొండ దిగితే చాల్బీ ఎడారి, ఎండిపోయిన సరస్సు అడుగు, ఉప్పు పేరుకున్న నేల. పడమటి అంచున తుర్కానా సరస్సు ఉందిగా అంటారేమో, ఆ నీళ్లు ఉప్పగా, క్షారంగా ఉంటాయి, సేద్యానికి పనికిరావు. కొండ దగ్గరి బావుల్లో బోరనా తెగ మగవాళ్లు ఒకరి మీదుగా ఒకరు నిలబడి, పాడుకుంటూ బకెట్లు పైకి అందిస్తారు, పైన పశువులు ఎదురుచూస్తుంటాయి. జనం ఎక్కడుంటారో చెప్పడానికి ఆ బావులు చాలు.

సాకు, మొయాలే, నార్త్ హోర్, లైసామిస్ ప్రాంతాలని విడివిడిగా చూడండి. కొండ ఉన్న సాకు చిన్నది, కిక్కిరిసినది. నార్త్ హోర్ విశాలం, పల్చన.

చివరిగా తేదీ. 2019 లెక్కకి ఆధారం ఆగస్టు 24 రాత్రి, ఎవరు ఎక్కడున్నారో అక్కడే లెక్క. ఒంటెలతో తిరిగే గబ్రా, రెండిలే కుటుంబాల విషయంలో ఇది చిన్న సంగతి కాదు, కాబట్టి మీ అంకెల టేబుల్ కింద ఆ తేదీ, సరిహద్దు రెండూ రాయండి.