కాకతీయుల చరిత్ర మీద పేకముక్కల ఆట తయారుచేస్తుంటే: బొమ్మలు వేయించే ముందు జాగ్రత్తలు

• ఆట నియమాలు కుదురుకోకముందే చిత్రకారుడికి పని అప్పగించకండి. తెల్ల అట్టముక్కల మీద పెన్సిలుతో రుద్రమదేవి, మోటుపల్లి రేవు, చెరువు గండి అని రాసుకుని పదిసార్లైనా ఆడి చూడండి. ఆటకు పనికిరాదని తర్వాత తీసేసిన ముక్కకు కూడా డబ్బు చెల్లించవలసిందే.

• ప్రతి బొమ్మలోనూ కాలాన్ని సరిచూడండి. కాకతీయ రాజ్యం 1323లో కూలింది. మిరపకాయ ఆ తర్వాత పోర్చుగీసువారితో వచ్చింది కనుక, ఓరుగల్లు అంగడిలో ఎండుమిర్చి రాశి పోస్తే (చిత్రకారులకు ఆ ఎరుపు మీద మోజు ఎక్కువ) తెలిసినవారు ఇట్టే పట్టుకుంటారు. చార్మినార్ సంగతి సరేసరి, అది 1591 నాటిది.

• శాసనం చెప్పినదాన్నీ జనశ్రుతినీ ఒకే వాక్యంలో కలపకండి. 1213 నాటి రామప్ప గుడిని కట్టించినవాడు రేచర్ల రుద్రుడని శాసనం చెబుతోంది. రామప్ప శిల్పి పేరన్నది వాడుకలోని మాట.

• ముక్క వెనుకవైపు బొమ్మ తలకిందులైనా ఒకేలా కనిపించాలి. అక్కడ కీర్తితోరణం వేస్తే, తిరగబడిన ముక్క ఏదో ఎదుటివారికి తెలిసిపోతుంది.

• ఒత్తులను తెర మీద కాక, అసలు కొలతలో అచ్చుతీసిన కాగితం మీద చదవండి. చిన్న అక్షరాల్లో ‘ర్ల’, ‘ద్రు’ అలుక్కుపోతాయి.

• కత్తిరింపు కోసం నాలుగు అంచులా 3 మి.మీ. బొమ్మను అదనంగా వేయించండి.