సరుకుల వ్యానులో మడత అరలు బిగించుకోవడం ఎలా?

ఉదయం నెల్లూరులో కిరాణా సరుకో, బట్టలో, రొయ్యల చెరువులకు వాడే మందులో వ్యానులో పేర్చుకుని ఊళ్ల మీదికి వెళ్లి, సాయంత్రం పొదలకూరు, గూడూరు వైపు నుంచి నిమ్మకాయల బస్తాలు వేసుకుని తిరిగి వచ్చే వ్యాపారులకు స్థిరంగా ఉండే అరలు పనికిరావు. అమ్మకానికి వెళ్లేటప్పుడు తెరుచుకుని, బస్తాలు ఎక్కించేటప్పుడు గోడకు అతుక్కుపోయే మడత అరలే వారికి కావాలి. ఒంగోలు నుంచి నాయుడుపేట దాకా ఇటువంటి అరలున్న బండ్లు ఎన్నో తిరుగుతున్నాయి కానీ, వాటిలో చాలావరకు ఏడాది తిరగకముందే ఊగిపోతూ, గడగడలాడుతూ కనిపిస్తాయి. పైపు పలచనిదనో, చెక్క నాసిరకమనో యజమానులు అనుకుంటారు. అసలు లోపం చాలాసార్లు చట్రాన్ని బండి బాడీకి పట్టించిన చోటే ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు రిజిస్ట్రేషన్ పత్రాన్ని ఒకసారి చదవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు, పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అనుమతించదు. అందువల్ల ఐదు సీట్ల బండిలో వెనుక సీటు పీకేసి అరలు పెట్టే ఆలోచన మానుకుని, సరుకు రవాణాకే రిజిస్టరైన వ్యానును ఎంచుకోవాలి. అందులోనూ అరలను బోల్టులతోనే బిగించాలి తప్ప బాడీకి వెల్డింగ్ చేయించకూడదు. పత్రంలో ఖాళీ బండి బరువు, మొత్తం అనుమతించిన బరువు రెండూ ఉంటాయి. వాటి మధ్య తేడాలోనే మనుషులు, సరుకు, ఈ అరల బరువు అన్నీ ఇమడాలి.

సామాను గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అంగుళం చదరపు ఇనుప పైపు 16 గేజిది, 12 మి.మీ. మందం ప్లైవుడ్, పలక పొడవునా వచ్చే స్టెయిన్‌లెస్ పియానో బందులు, 8 మి.మీ. బోల్టులు, వాటికి నైలాక్ నట్లు (కుదుపులకు వదులవకుండా లోపల నైలాన్ వలయం ఉన్నవి), 3 మి.మీ. ఇనుప రేకు ముక్కలు, తుప్పు పట్టకుండా పూసే రెడ్ ఆక్సైడ్, ఎనామిల్ రంగు ఉంటే సరిపోతుంది. ప్లైవుడ్ మాత్రం ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న, తడిని తట్టుకునే మెరైన్ రకమే కొనాలి. ఎనిమిది అడుగుల షీటు 12 మి.మీ.ది ఇరవై కిలోలకు పైగా తూగుతుంది, 18 మి.మీ.ది ముప్పై దాటుతుంది. బలం కోసమని మందం పెంచుతూ పోయేవారు ఆ బరువంతా రోజూ డీజిలు పోసి మోయవలసిందే. మైకా అంటించిన పలకలు వద్దు. మే నెల ఎండలో తలుపులు మూసి నిలిపిన వ్యానులో ఆ జిగురు నిలవదు.

కొలతలు తీసేటప్పుడు గుర్తుంచుకోవలసినవి రెండే. వ్యాను పక్క గోడ నేల దగ్గర ఒకలా, పైకప్పు దగ్గర కొంచెం లోపలికి వాలి ఉంటుంది కాబట్టి, ప్రతి అర ఎత్తులోనూ వేరుగా కొలవాలి. రెండవది, కిందికి వాలే అర తన వెడల్పంత చోటును కింద అడుగుతుంది. 12 అంగుళాల వెడల్పున్న అరకు బందు నేల నుంచి కనీసం 14 అంగుళాల ఎత్తులో ఉండాలి, దానిపై అర మరో 16 అంగుళాల పైన రావాలి. చిన్న వ్యానులో రెండు అరలకు మించి ఆశపడకూడదు.

రెండు పక్కలా జారుడు తలుపులున్న బండిలో అరలు కుడి పక్కనే రావాలి. మన రోడ్ల మీద బండి ఎడమ అంచుకు ఆగుతుంది, కొనేవారు ఎడమ పక్కన నిలబడతారు, కుడి తలుపు తెరిస్తే వచ్చిపోయే లారీల వైపే తెరుచుకుంటుంది. ఆ తలుపును వదులుకోవడంలో నష్టమేమీ లేదు.

చట్రం తయారీ ఏ వెల్డింగ్ షాపులోనైనా ఒక పూటలో అయిపోతుంది. నాలుగడుగుల పొడవు అరకు నిలువు పైపులు మూడు కావాలి: ముందు చివర ఒకటి, వెనుక చివర ఒకటి, వెనుక చివరకు ఒక అడుగు ముందుగా మరొకటి. ఈ మూడవ పైపు ఎందుకో తరువాత చెబుతాను. చట్రం బండి పక్క గోడకు ఆనే తలంలో ఒక మూల నుంచి మరో మూలకు ఏటవాలుగా ఒక ఫ్లాట్ పట్టీని తప్పనిసరిగా వెల్డింగ్ చేయించాలి. ఆ పట్టీ లేని చట్రం బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు ఒరుగుతూ, కొన్నాళ్లకు మూలల్లోని అతుకులను తానే విరుచుకుంటుంది. ప్రతి నిలువు పైపు అడుగునా, పై చివరా 5 మి.మీ. ప్లేటు పాదంలా ఉండాలి, బోల్టు ఆ ప్లేటులోంచే పోవాలి. పైపుకే రంధ్రం చేసి బోల్టు బిగిస్తే గుల్ల పైపు నలిగి చదునవుతుంది, నలిగిన కొద్దీ బోల్టు వదులవుతుంది.

ఇక బాడీకి బిగించడం. ఇక్కడ తొందరపడేవారు తక్కిన పనంతా ఎంత బాగా చేసినా వృథాయే.

వ్యాను పక్క గోడ రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. దానికి సెల్ఫ్ స్క్రూలు కొట్టి అర నిలబెట్టడం మన దగ్గర సర్వసాధారణం. ఖాళీ అరను చేత్తో ఊపి చూస్తే అది గట్టిగానే అనిపిస్తుంది. ముప్పై కిలోల సరుకున్న అరతో జాతీయ రహదారి మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు మాత్రం ఇరవై కిలోలకు పైగా బలం ముందుకు తోస్తుంది. ప్రమాదంలో అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ బలమంతా రేకులో దిగిన రెండు మూడు స్క్రూ మరల మీద పడితే రంధ్రం సాగి, స్క్రూ ఊడి, అర సరుకుతో సహా డ్రైవరు వీపు మీదికి వస్తుంది. అందుకని పలచని రేకును పూర్తిగా మరచిపోయి, తలుపులకు అటూ ఇటూ నిలువుగా ఉండే పిల్లర్లనూ, నేల కింద అడ్డంగా పోయే దిమ్మలనూ మాత్రమే ఆధారం చేసుకోవాలి.

బండిలో కంపెనీ ఇచ్చిన ఖాళీ మర రంధ్రాలు ఉన్నాయేమో ముందు వెతకాలి. సరుకు కట్టే కొక్కేల దగ్గర, సీట్లు వచ్చే చోట అవి దొరకవచ్చు. దొరికితే కొత్త రంధ్రం ఒక్కటి కూడా చేయనవసరం రాకపోవచ్చు. అయితే ఆ మర ఏ రకానిదో చూడకుండా చేతికి దొరికిన బోల్టును స్పానరుతో ఎక్కించకూడదు. బోల్టు వేళ్లతోనే మూడు నాలుగు చుట్లు తిరగాలి. తిరగకపోతే అది ఆ రంధ్రానికి చెందినది కాదు. వాడుకలో ఉన్న సీటు బెల్టు బోల్టును మాత్రం ఏ పరిస్థితిలోనూ తీయకూడదు.

కొత్త రంధ్రం తప్పనిసరైతే, డ్రిల్లు పట్టుకునే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీసి, టార్చి లైటు తీసుకుని బండి కిందికి వెళ్లాలి. పెట్రోలు లేదా డీజిలు ట్యాంకు, ఇంధన గొట్టం, బ్రేకు గొట్టాలు, వైర్ల కట్ట ఏ దారిన పోతున్నాయో కళ్లతో చూసి, పైన నేల మీద చాక్‌పీసుతో గీసుకోవాలి. ఆ గీతలకు మూడంగుళాల దూరంలో కూడా రంధ్రం రాకూడదు. సీఎన్‌జీ సిలిండరున్న బండి అయితే ఈ భాగాన్ని సొంతంగా చేయవద్దు, అధీకృత వర్క్‌షాపుకే అప్పగించాలి. ముందుగా 3 మి.మీ. బిట్‌తో, బిట్ చివర ఒక సెంటీమీటరు మాత్రమే బయట ఉండేలా మిగతా భాగానికి చెక్క ముక్క తొడిగి, చిన్న రంధ్రం చేయాలి. ఆ తొడుగు వల్ల రేకు తెగిన మరుక్షణం బిట్ లోపలికి దూసుకుపోకుండా ఆగుతుంది. కింద ఒక మనిషి చూసి సరేనన్నాకే రంధ్రాన్ని పెద్దది చేయాలి.

పెద్దదయ్యాక అంచులను ఆకురాయితో నున్నగా రుద్ది, బయటపడిన ఇనుముకు వెంటనే రెడ్ ఆక్సైడ్ పూయాలి. కొత్తపట్నం, మైపాడు వంటి తీర గ్రామాల ఉప్పుగాలిలో, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండికి ఈ ఒక్క పూత దాటవేస్తే రంధ్రం చుట్టూ తుప్పు పాకి, బోల్టు పట్టుకున్న లోహమే మాయమవుతుంది. వెల్డింగ్‌కు నేను వ్యతిరేకం కావడానికి చట్టంతో పాటు ఇదీ కారణమే. బాడీ రేకును కాల్చినప్పుడు లోపలి వైపు రంగు కూడా కాలిపోతుంది, అక్కడికి మళ్లీ కుంచె వెళ్లదు.

నేల కింద వైపున ప్రతి బోల్టుకూ రెండున్నర అంగుళాల చదరపు ఇనుప రేకు, మూలలు గుండ్రంగా రుద్దినది, నట్టుకూ బాడీకీ మధ్య ఉండాలి. చిన్న వాషరు సరిపోదు. రేకు ముక్క బలాన్ని అరచేయంత మేర పంచుతుంది, వాషరు రూపాయి బిళ్లంత చోటే పట్టుకుంటుంది. అన్ని బోల్టులనూ ముందు చేత్తో ఎక్కించి, చట్రం నిటారుగా ఉన్నదని మట్టపు బద్దతో చూసుకున్నాకే ఎదురెదురు మూలల వరుసలో బిగించుకుంటూ రావాలి. చివరగా చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కూ బలంగా లాగాలి. బండి ఊగాలి, చట్రం ఊగకూడదు.

బ్రాకెట్ల సంగతికి వస్తే, అర కింద తలుపులా తెరుచుకునే త్రికోణపు బ్రాకెట్లే పెట్టాలి. గొలుసులతో వేలాడే అరలు చూడటానికి సులువే కానీ, గుంత వచ్చినప్పుడు పైకి లేచి ధబ్బున పడతాయి. ఆ కుదుపు ప్రతిసారీ బందు మీదే పడుతుంది. పైకి మడిచి గడియ పెట్టే అరలు ఇంకా ప్రమాదం, గడియ జారితే నేరుగా తల మీద పడతాయి.

వెల్డింగ్ షాపులో అందం కోసం రెండు బ్రాకెట్లనూ ఒకదానికొకటి ఎదురుగా ముడుచుకునేలా పెడతారు. అలా పెట్టనివ్వకూడదు. ముడిచినప్పుడు రెండింటి కొసలూ బండి వెనుక వైపుకే ఉండాలి, తెరిచినప్పుడు లంబంగా వచ్చి ఒక ఆపు పట్టీకి తగిలి ఆగాలి. అప్పుడు బ్రేకు వేసినా ఆ బలం బ్రాకెట్‌ను ఆపు పట్టీకే నొక్కుతుంది, మూసివేయదు. వెనుక బ్రాకెట్ వెనక్కి ముడుచుకోవడానికి చోటు కావాలి గనుకనే మూడవ నిలువు పైపు అవసరమైంది. ఇంత చేసినా, పలకలోంచి బ్రాకెట్‌లోకి దిగే ఒక పిన్ను ప్రతి బ్రాకెట్‌కూ ఉండాలి. అది పోకుండా పలకకే చిన్న గొలుసుతో కట్టి ఉంచాలి.

పలకలకు అన్ని అంచులా రంగు వేసి, పియానో బందును చెక్క స్క్రూలతో కాక ఆరపార పోయే చిన్న బోల్టులతో బిగించి, ముందు అంచున అంగుళంన్నర ఎత్తు పట్టీ కొడితే పని పూర్తవుతుంది. ముడిచినప్పుడు మొత్తం నాలుగంగుళాల మందానికి మించి చోటు తీసుకోదు. ఒక్కో అర మీద పాతిక, ముప్పై కిలోలు దాటనివ్వకూడదు. మందు డబ్బాలు, నూనె టిన్నులు నేల మీదే ఉండాలి. మొదటి వారం తిరిగాక అన్ని నట్లనూ స్పానరుతో మళ్లీ ఒకసారి బిగించాలి. ఆ తరువాత నెలకోసారి బండి కిందికి వెళ్లి రేకు ముక్కల చుట్టూ తుప్పు గీత కనిపిస్తుందేమో చూసి, కనిపిస్తే ఆ రోజే బోల్టు విప్పి, రుద్ది, రంగు వేసి మళ్లీ బిగించాలి.