రొమ్ము సూది పరీక్షలో పొలుసు కణాలు: రిపోర్టు రాసే ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ల్యాబుల్లో కొత్తగా చేరిన పాథాలజీ డాక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. మీ రిపోర్టు పట్టుకుని రోగి బరంపురమో విశాఖపట్నమో వెళ్తుంది. మళ్లీ సూది వేయించుకోవడానికి డబ్బు, ఓపిక అందరికీ ఉండవు.

రొమ్ములో పొలుసు కణాలు (స్క్వేమస్ కణాలు) మామూలుగా ఉండేది చర్మంలో, చనుమొన దగ్గర పాలనాళాల కొసల్లో. మిగతాచోట కనిపిస్తే ఎలా వచ్చాయో తేల్చాలి. అందుకే మైక్రోస్కోపు కన్నా ముందు రోగి కాగితం చూడండి. గడ్డ ఎక్కడుంది, చర్మానికి అంటుకుని ఉందా, చీము కారుతోందా, ఇదివరకు అక్కడ కోత పడిందా అన్నవి రాసి లేకపోతే ఫోను చేసి అడగండి.

చనుమొన కిందే గడ్డ ఉండి, కేంద్రకం లేని కెరటిన్ (చర్మం, గోళ్లలో ఉండే గట్టి ప్రొటీన్) పొలుసులు, చీము కణాలు, ఆ కెరటిన్‌ను మింగే పెద్ద బహుకేంద్రక కణాలు కలిసి కనిపిస్తే పాలనాళంలో పుట్టిన చీముగడ్డ గుర్తుకు రావాలి. పాలిచ్చే తల్లుల్లో వచ్చే చీముగడ్డ వేరు. చనుమొన కింది ఈ చీముగడ్డ పొగ తాగేవారిలో ఎక్కువ. మన వైపు ఆడవాళ్లలో చుట్ట అలవాటు, నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగతో సహా, ఇంకా ఉంది. సిగ్గుపడి చెప్పరు, అడగాలి. పాలనాళపు చీముగడ్డ అన్న మాట రిపోర్టులో పడితే సర్జన్ ఊరికే కోసి చీము తీసి పంపడు. దెబ్బతిన్న నాళం తీయకపోతే ఈ గడ్డ మళ్లీ మళ్లీ వస్తుంది.

అసలు భయం ఇక్కడే. పొలుసు కణాల క్యాన్సర్ తరచూ నడుమ కుళ్లి నీటితిత్తిలా మారుతుంది. సూది ఆ కుళ్లులోకే వెళ్తే స్లైడు మీద చీము, కెరటిన్ తప్ప ఏమీ దొరకదు, హాయిగా 'చీముగడ్డ' అని రాసేస్తాం. నీరు తీశాక కూడా గట్టి ముద్ద మిగిలితే స్కానింగ్ చూస్తూ అంచు నుంచి మళ్లీ నమూనా తీయించండి. ఇది అరుదైన క్యాన్సరే, కానీ హార్మోన్, హెర్2 గ్రాహకాలు రెండూ లేని కోవలో పడేది ఎక్కువ. వైద్యం మారిపోతుంది.

దీనికి వ్యతిరేకమైన తప్పూ ఉంది. వాపులో మానుతున్న పొలుసు కణాలు కేంద్రకం పెద్దదై, క్యాన్సర్‌ను తలపిస్తాయి. చుట్టూ చీము ఉంటే ఒక్క మెట్టు తగ్గి 'అసాధారణం' అని రాసి, కోర్ బయాప్సీ (లావు సూదితో కణజాలం ముక్క తీయడం) అడగండి. క్యాన్సర్ కాని గడ్డలైన ఫైబ్రోఅడినోమాలో, పాపిలోమాలో, పాత బయాప్సీ గాయంలోనూ పొలుసు కణాలు వస్తాయి. చర్మం నుంచి సూదికి అంటినవి మాత్రం నాలుగైదే ఉంటాయి, చుట్టూ వాపు ఉండదు.

వానాకాలంలో స్లైడు ఆరడం ఆలస్యమై కణాల ఆకారం చెడిపోతుంది. సగం స్లైడులను తీసిన వెంటనే ఆల్కహాలులో ముంచి పాపనికొలా రంగు వేయించండి, కెరటిన్ నారింజ రంగులో తేలుతుంది. రిపోర్టులో గడ్డ ఉన్న చోటు, నీరు తీశాక మిగిలినది ఎంత, రెండూ తప్పక రాయండి.